పాకెట్‌లో నిలబడాలా, పరుగెత్తాలా? మీ ఇంటి చిన్న క్వార్టర్‌బ్యాక్‌కి నేర్పే పద్ధతి

అమెరికన్ ఫుట్‌బాల్ ఫాల్ సీజన్ మొదలవగానే నాకు వచ్చే ప్రశ్న ఒకటే. అడిగేవాళ్లది టెక్సస్‌లోని ఫ్రిస్కో కావచ్చు, జార్జియాలోని కమ్మింగ్ కావచ్చు, అడిగే తీరు మాత్రం మారదు. “అన్నా, మావాడు క్వార్టర్‌బ్యాక్. ఎవరైనా మీదికి వస్తున్నట్టు అనిపిస్తే చాలు, బంతి చంకలో పెట్టుకుని పరుగే. కోచ్ ఏమో పాకెట్‌లోనే ఉండమంటాడు. ఉంటే కింద పడేస్తున్నారు. ఏది కరెక్ట్?”

క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టులో బంతి అందుకుని పాస్ విసిరేవాడు, పాకెట్ అంటే అతని చుట్టూ సహచరులు కట్టే రక్షణ వలయం. నా జవాబు ముందే చెప్పేస్తాను. ముందు కళ్లు, తర్వాత పాకెట్ లోపలే ఒక అడుగు, ఆ రెండూ అయ్యాకే పరుగు. ఈ వరుసలో వచ్చిన పరుగు మంచి ఆట. మొదటి చప్పుడుకే భయపడి తీసే పరుగుతో మిడిల్ స్కూల్లో చాలాసార్లు పని జరిగిపోతుంది, ఇబ్బంది అంతా అక్కడే. ఆ వయసులో కాళ్లలో వేగం ఉంటే సరిపోతుంది. హైస్కూల్ వార్సిటీకి, అంటే ప్రధాన జట్టుకి వచ్చేసరికి, అంచు నుంచి మీదికి వచ్చే ఎదుటి డిఫెన్సివ్ ఎండ్‌కి కూడా అంతే వేగం ఉంటుంది. అప్పటికి మీవాడికి మైదానాన్ని చదవడం రాకపోతే చేతిలో ఏమీ మిగలదు.

పిల్లలు సాధారణంగా రెండు పేర్లు చెప్తారు: టామ్ బ్రేడీ, లామార్ జాక్సన్. 2000లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) కంబైన్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల పరీక్షలో, బ్రేడీ 40 యార్డులు పరుగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు. ఆ స్థానంలో అది నిదానమే. అయినా ఏడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచాడు. పాకెట్ లోపల అతని అడుగులు ఎంత చిన్నవో, ఎంత సరైనవో చూడాలి. లామార్ 2019లో 1,206 యార్డులు పరుగెత్తి, ఒక సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్‌ల పరుగు రికార్డు బద్దలుకొట్టాడు. పిల్లలు యూట్యూబ్‌లో చూసేది అదొక్కటే. అదే సీజన్‌లో లీగ్ మొత్తం మీద ఎక్కువ టచ్‌డౌన్ పాసులు (స్కోర్ తెచ్చే పాసులు) విసిరింది కూడా అతనే, 36. ఈ సంగతి మీవాడికి తప్పకుండా చెప్పండి.

క్రికెట్‌తో పెరిగిన తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. పాకెట్ అంటే క్వార్టర్‌బ్యాక్ చుట్టూ ఐదుగురు లైన్‌మెన్, అంటే సెంటర్, ఇద్దరు గార్డులు, ఇద్దరు టాకిల్‌లు కట్టే రక్షణ వలయం. అది శాశ్వతం కాదు, కొన్ని సెకన్లే నిలుస్తుంది. ఇక క్వార్టర్‌బ్యాక్ పరుగులన్నీ ఒకటి కాదు. కోచ్ ముందే గీసి ఇచ్చిన పరుగు ఒకటి, పాస్ విసరడానికి చోటు కోసం తీసే పరుగు ఇంకొకటి, పాస్ మీద ఆశ వదిలేసి యార్డుల కోసం తీసే పరుగు మూడోది. మొదటిది కోచ్ నిర్ణయం, దాన్ని మనం ముట్టుకోం. ఈ గైడ్ మిగతా రెండిటి గురించే.

కావలసినవి

చేతికి సరిపోయే బంతి. 9–12 ఏళ్లకు జూనియర్ సైజు, 12–14 ఏళ్లకు యూత్ సైజు, హైస్కూల్లో ఫుల్ సైజు. పెద్ద బంతి ఇస్తే “త్వరగా అలవాటవుతుంది” అనుకోకండి. చేతికి పట్టు దొరక్క, విసరలేక, పరుగే మేలనుకుంటాడు.

ఆరు కోన్‌లు. లేకపోతే పాత చెప్పులు, నీళ్ల సీసాలు చాలు.

ఒక పూల్ నూడుల్, అంటే ఈతకొలనులో వాడే పొడవాటి ఫోమ్ కర్ర. మీదికి వచ్చే డిఫెండర్ చేతులకు బదులు ఇదే.

వీడియో తీయడానికి ఫోన్, వీలైతే ట్రైపాడ్. సాయానికి ఇద్దరు. అన్న, అక్క, పక్కింటి స్నేహితుడు, ఎవరైనా సరే.

తడి గడ్డి లేదా జిమ్నాస్టిక్స్ మ్యాట్, స్లైడ్ (దెబ్బ తగలకుండా నేల మీద జారి ఆగడం) నేర్పడానికి.

వీటన్నిటికంటే ముందు కావలసింది కోచ్ ప్లేబుక్‌లో మీవాడి ప్లేలు. అవి తెలియకుండా ఇంట్లో ఏదీ మొదలుపెట్టకండి.

1. ముందు కోచ్‌తో మాట్లాడండి

నాలుగు ప్రశ్నలు చాలు. ఈ పాస్ ప్లేలో మొదట ఎవరిని చూడాలి, తర్వాత ఎవరిని? విసరడానికి వెనక్కి జరిగే డ్రాప్ ఎన్ని అడుగులు? ఒత్తిడి వస్తే ఏ వైపు తప్పించుకోవాలి? బంతిని బయటికి విసిరేయడానికి అనుమతి ఉందా?

మిడిల్ స్కూల్ జట్లలో చాలామంది కోచ్‌లు “మొదటివాడు ఖాళీగా లేకపోతే పరుగెత్తు” అనే చెప్తారు. పన్నెండేళ్ల పిల్లాడికి అది న్యాయమైన సూచనే. మీకు నచ్చకపోయినా ఇంట్లో దానికి విరుద్ధంగా నేర్పకండి. మైదానంలో ఆ రెండు మాటల మధ్య ఇరుక్కునేది పిల్లాడే, ఆ తడబాటులోనే దెబ్బలు తగులుతాయి. ఇంట్లో మీరు నేర్పాల్సింది ఏ కోచ్ కిందైనా పనికొచ్చేవి: కళ్లు, అడుగులు, బంతి పట్టు, స్లైడ్.

2. స్నాప్‌కి ముందే సగం తేల్చుకోవాలి

స్నాప్ అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించడం. బంతి చేతికి వచ్చాక ఆలోచించడానికి టైమ్ ఉండదు. అందుకే వరసలో నిలబడ్డప్పుడే మూడు విషయాలు చూడమనండి.

మొదటిది, ఎన్నో డౌన్, ఇంకా ఎన్ని యార్డులు కావాలి. డౌన్ అంటే 10 యార్డులు దాటడానికి జట్టుకి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి. మూడో డౌన్, 4 యార్డులైతే పరుగు నిజంగా పనికొస్తుంది. మూడో డౌన్, 15 యార్డులైతే పరుగెత్తి 6 తెచ్చినా పంట్ చేయాల్సిందే, అంటే బంతిని తన్ని ఎదుటివాళ్లకి ఇచ్చేయాల్సిందే. నాలుగో డౌన్‌లో బంతిని బయటికి విసిరేయడానికి అర్థమే లేదు.

రెండోది, మైదానంలో ఎక్కడున్నాం. సొంత ఎండ్ జోన్ (మైదానం చివరి భాగం) దగ్గర, 5 యార్డ్ లైన్‌లో ఉంటే వెనక్కి పరుగెత్తడం సేఫ్టీని, అంటే సొంత ఎండ్ జోన్‌లోనే దొరికిపోవడాన్ని, పిలవడమే. రెండు పాయింట్లు పోతాయి, బంతీ పోతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం: డిఫెన్స్ మనిషికి మనిషిని కాపలా పెట్టిందా, లేక ఒక్కొక్కరికి ఒక్కో ప్రాంతం ఇచ్చిందా. అంటే మ్యాన్ కవరేజా, జోన్ కవరేజా. మ్యాన్ కవరేజ్‌లో డిఫెండర్లు రిసీవర్ల (పాస్ అందుకునేవాళ్ల) వెంట పరుగెత్తుతూ క్వార్టర్‌బ్యాక్‌కి వీపు చూపిస్తారు. అప్పుడు ఖాళీ దొరికితే పరుగుకి పది, పదిహేను యార్డులు కూడా వస్తాయి. జోన్‌లో అందరి కళ్లూ క్వార్టర్‌బ్యాక్ మీదే ఉంటాయి. స్క్రిమేజ్ లైన్ (ఆ ప్లే మొదలైన గీత) దాటేలోపే ముగ్గురు మీద పడతారు. అందుకే జోన్‌లో ఓపిక పట్టి పాస్ వెతకాలి.

ఎలా గుర్తుపట్టాలి? స్నాప్‌కి ముందు మన రిసీవర్ ఒకడు మోషన్‌లో ఈ వైపు నుంచి ఆ వైపుకు వెళ్తే, ఒక డిఫెండర్ అతని వెంటే వస్తే ఎక్కువసార్లు మ్యాన్. ఎవరూ రాకుండా అందరూ కొంచెం సర్దుకుంటే ఎక్కువసార్లు జోన్. ప్రతిసారీ నిజం కాదు, మంచి జట్లు మోసం చేస్తాయి. మొదలుపెట్టడానికి ఇది చాలు. ఇంకొక జాగ్రత్త: కొన్ని జట్లు మ్యాన్ ఆడుతూనే ఒక లైన్‌బ్యాకర్‌ని (లైన్ వెనక నిలబడే డిఫెండర్‌ని) క్వార్టర్‌బ్యాక్ కోసమే వదులుతాయి. స్పై అంటారు. వాడు ముందుకు రాడు, వెనక్కి పోడు, అక్కడే తారాడుతూ ఉంటాడు. వాడు కనిపిస్తే ఆ వైపు పరుగు మర్చిపోవాలి.

3. డ్రాప్ లోతు మార్చకూడదు

ఈ ఒక్క అంశం సరిచేస్తేనే సాక్‌లు (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని కింద పడేయడాలు) తగ్గుతాయి. చాలామంది తల్లిదండ్రులకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

సెంటర్ కింద చేతులు పెట్టి బంతి తీసుకుని ఐదడుగుల డ్రాప్ వేస్తే క్వార్టర్‌బ్యాక్ దాదాపు 7 యార్డుల వెనక ఆగుతాడు. షాట్‌గన్‌లో 5 యార్డుల వెనక నిలబడి, మూడడుగులు వేస్తే ఇంచుమించు అక్కడికే వస్తాడు. టాకిల్ తన కోణం మొత్తం ఆ లోతును నమ్ముకునే పెట్టుకుంటాడు. వెడల్పుగా చుట్టి వచ్చే ఎడ్జ్ రషర్‌ని (అంచు నుంచి మీదికి వచ్చే డిఫెండర్‌ని) క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి దాటి పోయేలా తోసేస్తాడు. ఇప్పుడు మీవాడు భయంతో ఇంకో మూడు యార్డులు వెనక్కి జరిగాడనుకోండి. టాకిల్ సరిగ్గా తోసిన రషర్ నేరుగా వచ్చి మీవాడి మీదే పడతాడు. స్టాండ్స్‌లో మనం “లైన్ వేస్ట్” అంటాం. తప్పు లైన్‌ది కాదు.

ఇంట్లో ఇలా చేయండి. గడ్డిలో 7 యార్డుల దగ్గర ఒక కోన్ పెట్టండి. డ్రాప్ వేసి, వెనక కాలు ఆ కోన్ పక్కన ఆగాలి. ఆగిన వెంటనే బంతి వెళ్లాలి, లేదా ఒక చిన్న అడుగు ముందుకు వేసి వెళ్లాలి. కోన్ దాటి వెనక్కి జారితే ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు, మళ్లీ చేయించండి. రెండు చేతులూ బంతి మీద, బంతి ఛాతీ ఎత్తులో. ఒంటిచేత్తో బంతి కిందికి వేలాడితే చిన్న తట్టుకే చేజారి ఫంబుల్ అవుతుంది.

టైమ్ సంగతి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్నాప్ నుంచి పాస్ వరకు సగటున రెండున్నర నుంచి మూడు సెకన్ల లోపే పడుతుంది. మీవాడి జట్టుకి అంతకంటే తక్కువే దొరకవచ్చు. మ్యాచ్ వీడియోలో స్టాప్‌వాచ్‌తో కొలవండి: స్నాప్ నుంచి మొదటి రషర్ చేయి చాచితే అందేంత దూరం వచ్చేవరకు ఎంత టైమ్ ఉంది? పదిహేను పాస్ ప్లేలు కొలిస్తే మీ జట్టు గడియారం తెలిసిపోతుంది. ప్రాక్టీస్‌లో ఆ లెక్కే పెట్టండి.

4. పాకెట్ లోపలే కదలడం

నిలబడటానికీ పారిపోవడానికీ మధ్య ఉన్న నైపుణ్యం ఇది. పిల్లలకు ఎవరూ విడిగా నేర్పకపోతే “ఉండు” అంటే రాయిలా ఉండటమే అనుకుంటారు. ఒత్తిడి ఎటు నుంచి వస్తుందో దాన్నిబట్టి అడుగు మారుతుంది.

బయటి నుంచి, రషర్ వెడల్పుగా చుట్టి వస్తే ముందుకి జరగాలి. రెండు చిన్న అడుగులు, అంతే. రషర్ వెనక నుంచి దాటిపోతాడు.

మధ్య నుంచి, సెంటర్‌నో గార్డ్‌నో వెనక్కి నెట్టుకుంటూ వస్తే ముందుకి దారి లేదు. ఖాళీ ఉన్న వైపు పక్కకి ఒకటి రెండు అడుగులు జరిగి మళ్లీ విసిరే స్థితికి రావాలి.

బయట ఉండాల్సిన ఎండ్ లోపలికి దూసుకొస్తే బయటి దారి తెరుచుకున్నట్టే. బయటికి పరుగెత్తడానికి ఇది అన్నిటికంటే మంచి అవకాశం.

ఏ కదలికలోనైనా పాదాలు భుజాల వెడల్పులో ఉండాలి, ఒకదాన్ని ఒకటి దాటకూడదు. బరువు మునివేళ్ల వైపు ఉండాలి. మడమల మీద నిలబడ్డ పిల్లాడు కదలలేడు, విసరలేడు.

ఇప్పుడు డ్రిల్. నాలుగు కోన్‌లతో మూడు యార్డుల చదరం కట్టండి. మధ్యలో పిల్లాడు, బంతి రెండు చేతుల్లో. మీరు 10 యార్డుల ముందు నిలబడి చేతి వేళ్లు చూపిస్తూ, రెండు, ఐదు, ఒకటి అని మారుస్తూ ఉండండి. రెండో మనిషి పూల్ నూడుల్‌తో ఒకసారి పక్క నుంచి, ఒకసారి ముందు నుంచి మీదికి రావాలి. పిల్లాడు చదరం దాటకుండా తప్పుకుంటూ, మీ వేళ్ల సంఖ్య గట్టిగా చెప్పాలి. మీరు “త్రో” అనగానే పాదాలు సర్దుకుని మీకే విసరాలి.

సంఖ్య తప్పు చెప్పాడంటే కళ్లు రషర్ మీదికి దిగిపోయాయన్నమాట. వేరే కొలత అక్కర్లేదు. మొదట్లో ప్రతి పిల్లాడూ నూడుల్‌నే చూస్తాడు. అది సహజం, కోప్పడకండి. వేగం తగ్గించి మళ్లీ చేయండి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు దాటకుండా చేస్తే చాలు. విసిగిపోయాక చేయించిన డ్రిల్‌తో తప్పుడు అడుగులే అలవాటవుతాయి.

హెచ్చరిక: నూడుల్‌తో ముఖం మీద కొట్టకండి, నెట్టకండి. ఇంట్లో హెల్మెట్ లేకుండా టాకిల్ ప్రాక్టీస్ అసలు వద్దు.

5. పాకెట్ వదిలే సమయం

ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగితేనే పాదాలు పాకెట్ దాటాలి:

చూడాల్సిన ఇద్దరినీ చూశాడు, ఇద్దరూ ఖాళీగా లేరు. లేదా ఎవరూ ఆపని రషర్ చేయి చాచితే అందేంత దగ్గరికి వచ్చేశాడు, పాకెట్ లోపల జరగడానికి చోటు లేదు. లేదా మ్యాన్ కవరేజ్, ఎదురుగా దారి ఖాళీ, కావలసిన యార్డులు అందులోనే దొరుకుతాయి.

మూడోదానికి మంచి ఉదాహరణ 2023 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్. కాన్సాస్ సిటీ, ఫిలడెల్ఫియా 35–35తో సమంగా ఉన్నాయి. నాలుగో క్వార్టర్ ఆఖర్లో, చీలమండ గాయంతో ఉన్న ప్యాట్రిక్ మహోమ్స్ మధ్యలోంచి 26 యార్డులు పరుగెత్తాడు. దాని తర్వాతే గెలిపించిన ఫీల్డ్ గోల్ వచ్చింది. కుంటుతున్న మనిషి, వేగం మీద ఆధారపడి తీసిన పరుగు కాదు. దారి కనిపించింది, వెళ్లాడు. మీవాడితో కలిసి ఆ ప్లే చూడండి.

పాకెట్ దాటినా స్క్రిమేజ్ లైన్ వచ్చేవరకు బంతి రెండు చేతుల్లోనే, కళ్లు పైనే. బయటికి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ కోసం రిసీవర్లకు కూడా సూత్రాలుంటాయి. దగ్గరలో ఉన్నవాడు లోతుగా పరుగెత్తుతాడు, లోతుగా ఉన్నవాడు వెనక్కి వస్తాడు, మధ్యలో ఉన్నవాడు క్వార్టర్‌బ్యాక్ వెళ్లే వైపే అతనికి సమాంతరంగా వస్తాడు. మీ జట్టు దీన్ని ప్రాక్టీస్ చేస్తుందో లేదో కోచ్‌ని అడగండి. చేయకపోతే బయటి నుంచి పాస్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

కుడిచేతి వాటం పిల్లాడికి కుడి వైపు పరుగెడుతూ విసరడం తేలిక. ఎడమ వైపైతే తుంటి, భుజాలు లక్ష్యం వైపు తిప్పి విసరాలి. తిప్పలేకపోతే విసరకూడదు. ఇక పరుగెడుతూ మైదానం అవతలి వైపుకి, మధ్యలోంచి ఆలస్యంగా విసిరే పాస్ ఈ వయసులో పూర్తిగా నిషేధం. ఇంటర్సెప్షన్‌లు (పాస్ ఎదుటివాళ్ల చేతికి పోవడాలు) ఎక్కువగా పుట్టేది అక్కడే.

ఏదీ కుదరకపోతే బంతిని బయటికి విసిరేయడం. ఇక్కడ రూల్ తెలుసుకోవాలి. చాలా రాష్ట్రాల హైస్కూళ్లు ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూల్ క్రీడల జాతీయ సమాఖ్య) రూల్స్ ఆడతాయి. వాటిలో 2022 నుంచే, స్నాప్ చోటుకి పక్కగా 4 యార్డుల హద్దు దాటి బయటికి వచ్చిన పాసర్ బంతిని స్క్రిమేజ్ లైన్ దాకా చేరేలా విసిరేయవచ్చు. టెక్సస్ హైస్కూళ్లు కాలేజీ రూల్స్ ఆడతాయి, అక్కడ ఆ హద్దు 5 యార్డులు. హద్దు లోపల నిలబడి, సాక్ తప్పించుకోవడానికి ఎవరూ లేనిచోటికి విసిరితే పెనాల్టీ. చిన్నపిల్లల లీగ్‌లు సొంత మార్పులు చేసుకుంటాయి కాబట్టి మీ లీగ్ రూల్ ముందే అడిగి ఉంచుకోండి.

6. పరుగు అనుకుంటే పరుగే

లైన్ దాటాక ముందుకు పాస్ విసరడం నేరం. కాబట్టి లైన్‌కి ఒకటి రెండు యార్డుల ముందే తేల్చుకోవాలి. క్రికెట్‌లో సింగిల్‌కి “యస్” అన్నాక మధ్య పిచ్‌లో ఆగినవాడు రనౌట్ అయినట్టే, ఇక్కడా సగం మనసుతో పరుగెత్తేవాడికే దెబ్బ. తేల్చుకున్న క్షణంలో బంతిని ఒక చేతిలోకి మార్చి దాచాలి: వేళ్లు బంతి కొన మీద, బంతి ముంజేతికి, కండకి, పక్కటెముకలకి ఆనుకుని. సైడ్‌లైన్ దగ్గర బంతి సైడ్‌లైన్ వైపు చేతిలో ఉండాలి.

పరుగు ముందుకే. పక్కలకి పరుగెత్తి ఖాళీ వెతకడం పదేళ్ల వయసులో బాగుంటుంది, పద్నాలుగేళ్లకి అది నష్టమే. ఫస్ట్ డౌన్ మార్కర్ (కావలసిన యార్డుల గుర్తు) దాటితే చాలు, ఆ తర్వాత ఒక్క యార్డు కోసం కూడా పోట్లాడక్కర్లేదు.

7. స్లైడ్, లేదా బయటికి అడుగు

ఇది రాకుండా పిల్లాడికి పరుగెత్తే అనుమతి ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను.

మ్యాట్ మీద మొదలుపెట్టండి. నడకతో మొదలై, నెమ్మది పరుగు, తర్వాత పూర్తి వేగం. ఒక కాలు మడిచి కింద, ఇంకో కాలు చాచి ముందుకి. నేలకు తగలాల్సింది పిరుదు, తొడ పక్క భాగం, మోకాలు కాదు. గడ్డం ఛాతీకి దగ్గరగా, బంతి రెండు చేతులతో ఛాతీకి అదిమి. చేయి వెనక్కి పెట్టి ఆనుకుంటే మణికట్టు విరగొచ్చు. మ్యాట్ మీద కుదిరాక తడి గడ్డి మీద. ఎండిన గట్టి నేల మీద, కాంక్రీట్ పక్కన వద్దు.

పిల్లలు చేసే పొరపాటు ఆలస్యం. డిఫెండర్ రెండడుగుల దూరంలోకి వచ్చాక స్లైడ్ చేస్తే అప్పటికే అతను గాల్లో ఉంటాడు, తల మీద పడతాడు. నాలుగైదు యార్డుల దూరం ఉండగానే మొదలవ్వాలి. కాలేజీ రూల్స్‌లో స్లైడ్ మొదలైన చోటే బంతి ఆగినట్టు లెక్క. అందుకే మార్కర్ దాటాక మొదలుపెట్టాలి, మార్కర్ మీదికి జారితే సరిపోదు.

తల ముందుకి పెట్టి దూకడం ఎందుకు వద్దో చెప్పడానికి 2024 సెప్టెంబర్ 12 ఆట చాలు. మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా నాలుగో డౌన్‌లో పరుగెత్తి, స్లైడ్ చేయకుండా తలతో డిఫెండర్‌ని ఢీకొన్నాడు. కంకషన్‌తో (మెదడు అదిరే గాయంతో) నాలుగు ఆటలు దూరమయ్యాడు. ఫస్ట్ డౌన్ వచ్చింది, ఆటగాడు మాత్రం జట్టుకి దూరమయ్యాడు.

దొంగ స్లైడ్ కూడా నేర్పకండి. 2021 డిసెంబర్‌లో పిట్ (పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్ కెన్నీ పికెట్ స్లైడ్ చేస్తున్నట్టు నటించి టచ్‌డౌన్ దాకా వెళ్లాడు. కొద్ది రోజుల్లోనే కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ, అలా నటిస్తే అక్కడే ఆట ఆపేయాలని రిఫరీలకు చెప్పింది. పైగా డిఫెండర్లు స్లైడ్‌ని నమ్మడం మానేస్తే ఆ నష్టం పడేది పిల్లల మీదే.

తలకి దెబ్బ తగిలి మాట తడబడినా, వెలుగు భరించలేకపోయినా, “బానే ఉన్నా” అంటూ చూపు నిలపలేకపోయినా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. మళ్లీ మైదానంలోకి డాక్టర్ సరేనన్న తర్వాతే.

ఎక్కువగా కనిపించే తప్పులు

ఎవరూ రాకముందే పాకెట్ వదిలేయడం మొదటి తప్పు. ముందటి ప్లేలో దెబ్బ తిన్న పిల్లాడు తర్వాతి ప్లేలో రానివాడిని కూడా చూస్తాడు. దీనికి మందు తిట్టు కాదు, మూడడుగుల డ్రాప్‌తో త్వరగా వెళ్లిపోయే చిన్న పాసులు. రెండు మూడు పూర్తయితే ధైర్యం తిరిగొస్తుంది. అలాంటి ప్లేలు ఇవ్వమని కోచ్‌ని మర్యాదగా అడగొచ్చు.

ప్రతిసారీ కుడికే పరుగెత్తడం ఇంకోటి. ఎదుటి కోచ్ ఫిల్మ్‌లో మొదట గమనించేది ఇదే. వచ్చే ఆటలో అక్కడొకడు కాపు కాస్తాడు.

వెనక్కి గిరగిరా తిరిగి తప్పించుకోవడం. ఒకసారి కుదిరితే అందరూ చప్పట్లు కొడతారు, అందుకే మానడు. తిరిగిన ఆ క్షణం మైదానం కనిపించదు, కుదరనప్పుడు పది పదిహేను యార్డులు పోతాయి. దీన్ని చప్పట్లతో ప్రోత్సహించకండి.

అన్నిటికంటే పెద్దది మన తప్పు: స్టాండ్స్ నుంచి “రన్! రన్!” అని అరవడం. అమ్మానాన్నల గొంతు పిల్లాడికి ఎంత గోలలోనైనా వినిపిస్తుంది. రెండో రిసీవర్ వైపు చూపు తిప్పుతున్న సమయంలో మీ అరుపు వినిపిస్తే చూపు ఆగి కాళ్లు కదులుతాయి. ఆట అయ్యేవరకు క్వార్టర్‌బ్యాక్ తల్లిదండ్రులు సూచనలు ఇవ్వకూడదు. పేరు పిలిచి ఉత్సాహపరచండి, అంతవరకే.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ (టాకిల్ బదులు నడుముకున్న ఫ్లాగ్ లాగే ఆట) నుంచి వచ్చే పిల్లల సంగతి వేరు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫ్లాగ్ రూల్స్‌లో క్వార్టర్‌బ్యాక్ నేరుగా బంతితో లైన్ దాటకూడదు, విసరడానికి 7 సెకన్లు ఉంటాయి, రషర్ 7 యార్డుల దూరం నుంచి మొదలవుతాడు. అక్కడ చూపు బాగా అలవాటవుతుంది. టాకిల్‌కి వచ్చాక 7 సెకన్లు దొరకవని, కాళ్లు వాడొచ్చని రెండూ కొత్తగా నేర్పాలి. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. మీ పిల్లాడికో పాపకో టాకిల్ ఇంకా వద్దనిపిస్తే, చూపు నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

స్కోర్‌ని బట్టి, పరుగెత్తిన యార్డులను బట్టి చూడకండి. వీడియోతో చూడండి. వీలైతే ఎండ్ జోన్ వెనక నుంచి, ఎత్తులో నిలబడి తీయండి. సైడ్‌లైన్ నుంచి తీస్తే దారులు కనిపించవు. స్కూల్ జట్టు హడ్ల్ (ఆట వీడియోల యాప్) వాడుతుంటే అందులో ఆ కోణం దొరకొచ్చు.

ప్రతి పాస్ ప్లేని పిల్లాడి పాదాలు పాకెట్ వదిలిన క్షణంలో ఆపండి. ఒక నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాయండి: దగ్గరలో ఎవరైనా ఉన్నారా, ఎంతమంది రిసీవర్లను చూశాడు, చివరికి ఏం చేశాడు. హెల్మెట్ ఎటు తిరిగిందో చూస్తే చూపు ఎటుందో తెలుస్తుంది.

వీడియో చూపించేముందు “నీకేం కనిపించింది?” అని అడగండి. ఈ ప్రశ్నకి జవాబు మారడమే అసలు ప్రగతి. “ఎవరో వస్తున్నారు” అనే పిల్లాడు కొన్ని వారాల తర్వాత “కార్నర్ వెనక్కి జరిగాడు, టైట్ ఎండ్ దగ్గర లైన్‌బ్యాకర్ ఉన్నాడు, అందుకే వెళ్లా” అంటే, ఆ ప్లేలో రెండు యార్డులే వచ్చినా సరే, మెచ్చుకోండి. ఏమీ చూడకుండా పరుగెత్తి 40 యార్డులు తెచ్చిన ప్లేకి మాత్రం అదే ప్రశ్న మళ్లీ అడగండి.

ఎవరూ దగ్గర లేకుండా పాకెట్ వదిలిన ప్లేలు నోట్‌బుక్‌లో తగ్గుతూ ఉంటే నాలుగో మెట్టు డ్రిల్ పనిచేస్తోంది. తగ్గకపోతే వేళ్ల డ్రిల్‌కే తిరిగి వెళ్లండి, కొత్తవి చేర్చకండి. సాక్‌లు తగ్గకుండా, కొలిచిన టైమ్ మాత్రం ప్రతిసారీ రెండు సెకన్ల లోపే ఉంటే సమస్య మీవాడిది కాదు. ఆ నాలుగైదు క్లిప్‌లు, కొలిచిన టైమ్ పట్టుకుని, ఆట రోజు కాకుండా వారం మధ్యలో, కోచ్‌ని కలవండి. ఒక రన్నింగ్ బ్యాక్‌ని బ్లాక్ చేయడానికి వెనక ఉంచగలరా, చిన్న డ్రాప్ పాసులు పెంచగలరా అని అడగండి. వీడియో ముందుంటే ఎక్కువమంది కోచ్‌లు వింటారు.